తూములోకి పోయే విటమిన్

బాడీ వాష్‌లో విటమిన్ సి, నియాసినమైడ్ కలిపారు కాబట్టి ఒళ్ళు మెరుస్తుందట! అర నిమిషంలో నీళ్ళతో తూములోకి పోయేది చర్మంలోకి ఎంత ఇంకుతుంది?

అలాగని కడిగేసేవన్నీ బూటకమే అనేస్తే అదీ మూఢనమ్మకమే. మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ కాసేపు ఉంచి కడిగినా పనిచేస్తుంది (తువ్వాళ్ళ రంగు పోతుంది, అది వేరే సంగతి). చుండ్రుకి కీటోకొనజోల్ షాంపూ 3 నుంచి 5 నిమిషాలు ఉంచమంటారు. జింక్ పైరిథియాన్ రేణువులైతే కడిగాక కూడా మాడుని అంటిపెట్టుకునే ఉంటాయి.

సీసా మీద పేరు చూసి మురిసిపోకుండా, ఎంత మోతాదు, ఎంతసేపు ఉంచి పరీక్షించారు, మామూలు సబ్బుతో పోల్చి చూశారా అని అడగండి. అమెరికా ఎఫ్.డి.ఏ. క్రిమిసంహారక సబ్బుల కంపెనీలని ఇలాగే అడిగింది. సబ్బునీళ్ళ కన్నా మెరుగని వాళ్ళు రుజువు చూపలేకపోయారు. ట్రైక్లోసాన్‌తో సహా 19 పదార్థాలున్న ఆ సబ్బులు జనానికి అమ్మరాదని 2016లో ఆదేశించింది.