ఆదరణ కూడికలో కవరు

"జరిగింది దేవుని చిత్తం. పోయినవాడు ప్రభువు దగ్గరున్నాడు. కోర్టుల చుట్టూ తిరిగితే తిరిగొస్తాడా అమ్మా?"

బరంపురంలో ఒక ఆదరణ కూడికలో ఈ మాటలు నా చెవులారా విన్నాను. అన్నది సంఘ పెద్ద. విన్న చెల్లెమ్మకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. పదకొండు రోజుల ముందు ఆమె భర్తను హైవే మీద లారీ గుద్దింది. ప్రార్థన అయ్యాక, టీ గ్లాసులు తీస్తుండగా, లారీ ఓనరు తరఫు మనిషి పెద్దాయన పక్కకు జరిగి కవరు తీశాడు. లక్షా ఇరవై వేలు. దానితోపాటు ఒడియాలో టైపు చేసిన స్టాంపు కాగితం. ఆమెకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగులో సంతకం పెట్టింది.

ఆ పెద్దాయన చెడ్డవాడు కాడు. మార్చురీ దగ్గర రాత్రంతా నిలబడ్డదీ, సమాధికి మనుషుల్ని పిలిచిందీ ఆయనే. అందుకే ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తోంది. చెడ్డవాడు చెప్పి ఉంటే ఆ చెల్లెమ్మ సంతకం పెట్టేది కాదు.

ఆ కవరులో ఉండాల్సింది ఎంతో లెక్క వేద్దాం. 32 ఏళ్ళ తాపీ మేస్త్రి, నెలకు 15,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకోండి. సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో (2009), ప్రణయ్ సేఠీ కేసులో (2017) స్థిరపరచిన పద్ధతి ఇది. సొంతంగా సంపాదించుకునేవాడికి నలభై లోపు వయసైతే ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి. అంటే 21,000. మీద ఆధారపడినవాళ్ళు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి. మిగిలేది 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. సమాధి ఖర్చు, భర్తను, తండ్రిని, కొడుకును పోగొట్టుకున్నందుకు ఇచ్చేవి దీని పైన. ప్రతి కేసులో ఇంతే వస్తుందని చెప్పను. ఆదాయం రుజువు కాకపోతే తగ్గుతుంది, తప్పులో చనిపోయినవాడికీ భాగముంటే కొంత కోస్తారు. ఎంత కోసినా లక్షా ఇరవై వేలకు దిగదు.

"రక్తపు సొమ్ము మనకెందుకు" అంటారు కొందరు. నిర్గమకాండము 21వ అధ్యాయం తీయండి. పొడిచే ఎద్దని ముందే తెలిసి కట్టేయని యజమాని గురించి మోషే ధర్మశాస్త్రం ఏం చెప్పిందో చదవండి. అక్కడ ఎద్దును క్షమించి ఇంటికి పొమ్మనలేదు. బ్రేకులు అరిగిన లారీని, నిద్ర లేని డ్రైవరును రోడ్డు మీదకు తోలేవాడు ఆ యజమాని కాక మరెవరు?

ఇక 1 కొరింథీయులకు 6. సహోదరుడి మీద సహోదరుడు వ్యాజ్యెమాడటం గురించిన మాట అది. ఇన్సూరెన్సు కంపెనీ ఏ సంఘంలో బాప్తిస్మం పొందిందో నాకు తెలియదు.

క్షమించాలి, నిజమే. డ్రైవరును క్షమించండి, అతని కోసం మోకరించండి. కానీ పరిహారం మామూలుగా అతని జేబులోంచి రాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, కట్టేది ఆ బీమా కంపెనీ. బీమా లేని బండైతే ఓనరు. డ్రైవరు మీద క్రిమినల్ కేసు వేరే నడుస్తుంది, అది రాజీ పడదగ్గ నేరం కాదు కాబట్టి స్టాంపు కాగితంతో కొట్టుకుపోదు. మరి ఆ కాగితం ఎందుకు? సాక్షులు మెత్తబడటానికి. ఇంటివాళ్ళు 'అయిపోయింది' అనుకుని కూర్చోవడానికి. రోజులు గడవడానికి.

రోజులే ఇక్కడ ప్రాణం. 2019 సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, సెక్షన్ 166 కింద క్లెయిము ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా వేయాలి. దీని మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది. దాన్ని నమ్ముకుని ఎవరూ ఆలస్యం చేయకండి. మనవాళ్ళు మొదటి సంవత్సరపు జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా ఏ కాగితమూ ముట్టుకోరు. అప్పటికి గడువు దాటి మరో ఆరు నెలలు.

యానాంలో, సోలాపూర్‌లో, కోలారు బంగారు గనుల ఊళ్ళో ఉన్న మన కుటుంబాలను ఆపే భయం మరొకటుంది. "మావాడు పోయింది ఇంకో రాష్ట్రంలో కదా, అక్కడి కోర్టుకు ఎవరు తిరుగుతారు?" తిరగక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, క్లెయిము వేసేవాళ్ళు ఉంటున్న చోటి ట్రిబ్యునల్‌లో కూడా వేయొచ్చని సెక్షన్ 166(2) చెబుతోంది. హైదరాబాదు దారిలో కొడుకును పోగొట్టుకున్న సోలాపూర్ తల్లి సోలాపూర్‌లోనే వేయొచ్చు. శ్రీకాకుళం దగ్గర పోయినవాడి భార్య బరంపురంలోనే వేయొచ్చు.

పోలీసులకూ పని ఉంది. 2022 నిబంధనల ప్రకారం 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. పది రోజుల్లో బాధిత కుటుంబానికి వారి హక్కులు రాసిన ఫారం 2 ఇవ్వాలి. ఈ ఫారం అందుకున్న ఇల్లు మీ సంఘంలో ఒక్కటైనా ఉందేమో అడిగి చూడండి.

లాయరుకు డబ్బు లేదంటారా? మార్చురీ గేటు దగ్గర "వచ్చినదాంట్లో మూడో వంతు" అని వకాలతు చేతిలో పెట్టేవాళ్ళుంటారు. గెలుపు మీద వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నిషేధించిన పని. అంతకన్నా ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయం ఎంతైనా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. బాప్తిస్మం తీసుకున్న మన దళితుల్ని 1950 ఉత్తర్వు ఎస్సీ జాబితాలోంచి తోసేసింది, ఆ గాయం వేరే పోరాటం. కానీ ఇక్కడ అది అడ్డు కాదు. క్లెయిము వేసే విధవరాలు స్త్రీ కావడమే చాలు. ఫోను నంబరు 15100.

యువకులకు ఒక మాట. "ముగ్గురు ఎక్కారు కదా, రూపాయి కూడా రాదు" అని బెదిరిస్తారు. ముగ్గురు ఎక్కినంత మాత్రాన ప్రమాదంలో తప్పుందని కాదని సుప్రీంకోర్టు 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో చెప్పింది. (ఎక్కమని నా ఉద్దేశం కాదు.) కానీ తన బండిని తానే డివైడరుకు కొట్టి పోయినవాడికి సెక్షన్ 166 కింద దారి లేదు. ఆ ఇంటికి మిగిలేది పాలసీలోని 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, అదీ తీసుకుని ఉంటేనే. ఇంటికెళ్ళి మీ పాలసీ కాగితం చూడండి.

మన సంఘాల్లో ఎవరూ తలచుకోని ఆస్తి ఒకటుంది, రిజిస్టర్ల బీరువా. గుణకం వయసును బట్టి మారుతుంది. పుట్టిన తేదీకి ఆధార్ సరైన రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్టును నమ్మాలని సుప్రీంకోర్టు 2024లో ఇలాంటి కేసులోనే చెప్పింది. బడి ముఖం చూడని కూలివాడి వయసుకు బాప్తిస్మపు రిజిస్టరు కన్నా పాత కాగితం ఎక్కడ దొరుకుతుంది? పెళ్ళి రిజిస్టరు భార్యను భార్యగా నిలబెడుతుంది. ఆ బీరువా తాళం పాస్టరుగారి దగ్గరుంది. పరిహారం వచ్చాక దశమభాగం గుర్తుచేయడానికి మొహమాటపడని మనం, దరఖాస్తుకు కావాల్సిన ఒక్క నకలు ఇవ్వడానికి మూడు ఆదివారాలు తిప్పుతున్నాం.

సంఘమే హక్కుదారుగా కోర్టుకెక్కిన కేసు కూడా ఉంది. మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ ఆఫ్ సెయింట్ గేబ్రియల్ అనే కథోలిక సహోదరుల సమాజం, తమ బ్రదర్ ఒకరు రోడ్డు ప్రమాదంలో పోతే పరిహారం అడిగింది. హైకోర్టు కాదంది. వాళ్ళు సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 2014లో గెలిచారు. పెళ్ళి, పిల్లలు వదులుకున్నవారే తమవాడి ప్రాణానికి లెక్క అడగడం పాపమనుకోలేదు. పసిపిల్లల తల్లికి మాత్రం మనం లూకా 18లోని విధవరాలి మీద ప్రసంగం చెప్పి, న్యాయాధిపతి గుమ్మం తొక్కొద్దంటాం.

బరంపురం చెల్లెమ్మ కాగితం మీద సంతకం పెట్టి ఈ నెలకు నాలుగు నెలలు. ఆమె సంతకం పెట్టినా పిల్లలూ అత్తగారూ ఆ కాగితంలో లేరు. ఎఫ్ఐఆర్ నకలు గత శనివారం తీయించాం. ఒడియా చదవగలిగిన మా యూత్ కుర్రాడొకడు దాన్ని ఆమెకు తెలుగులో వరుసగా చదివి వినిపించాడు. లారీ నంబరు, బీమా కంపెనీ పేరు రెండూ అందులోనే ఉన్నాయి. సోమవారం న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తున్నాం. పెద్దాయనను కూడా రమ్మన్నాం. ఇంకా జవాబు చెప్పలేదు.