ఉరికంబం ఎక్కినవాళ్ళు మంత్రగత్తెలు కారు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో సేలం అనే ఊరుంది. ప్రతి అక్టోబరులో అక్కడికి లక్షల మంది వస్తారు. ఆ ఊరి పోలీసుల చిహ్నం మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మే. నాడు తగలబెట్టగా మిగిలిన మంత్రగత్తెల మనవరాళ్ళం మేమేనని రాసిన చొక్కాలు వేసుకుని తిరుగుతారు. క్రైస్తవానికి ముందటి దేవతల్ని కొలుస్తామనే ఆధునిక పేగన్లలో, ముఖ్యంగా విక్కా మతస్థుల్లో, దీన్ని తమ వంశచరిత్రగా నమ్మినవాళ్ళు ఎందరో. క్రైస్తవానికి ముందునుంచీ రహస్యంగా బతికొచ్చిన ప్రకృతి మతం తమదట, దానికోసమే ఆ ఆడవాళ్ళు ప్రాణాలిచ్చారట. అక్కడ చదువుకుంటున్న మా బంధువులమ్మాయి ఈ మాటే నాకు ఎంతో భక్తిగా చెప్పింది. విన్నప్పటినుంచీ కడుపు రగిలిపోతోంది.

1692లో సేలంలో ఎవర్నీ తగలబెట్టలేదు. మంత్రవిద్య చేశారన్న నిందతో 19 మందిని ఉరి తీశారు. ఒక ముసలాయన్ని గుండెల మీద బండలు పేర్చి చంపారు. ఉరికంబం ఎక్కినవాళ్ళలో రెబెకా నర్స్‌కు 71 ఏళ్ళు. చెవులు సరిగా వినిపించవు, జబ్బుతో మంచాన పడి ఉంది. బతుకంతా చర్చినే నమ్ముకున్న మనిషి. జ్యూరీ మొదట ఆమె నిర్దోషి అంది. నింద వేసిన పిల్లలు గగ్గోలు పెట్టారు, మళ్ళీ ఆలోచించమన్నాడు జడ్జి, రెండోసారి దోషి అన్నారు. ఉరికి ముందు సొంత చర్చే ఆమెను వెలివేసింది. బతకడానికి ఆమెకు ఒక దారి ఉంది. అవును, నేను మంత్రగత్తెనే అంటే చాలు. ఆ ఏడాది అలా ఒప్పుకుని ఆ మాట మీద నిలబడ్డవాళ్ళను ఎవర్నీ ఉరి తీయలేదు. రెబెకా ఆ అబద్ధం ఆడనంది, చచ్చిపోయింది. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత ఎవరో వచ్చి ఆమె మా మంత్రగత్తె అంటున్నారు. ప్రాణం పోయినా ఆమె పలకని మాటను ఇప్పుడు ఆమె నోట్లో కుక్కుతున్నారు.

ఈ పాత మతం కథ ఎక్కడిదంటే, 1921లో మార్గరెట్ మరే అనే ఈజిప్టు చరిత్ర నిపుణురాలు ఒక పుస్తకం రాసింది. యూరప్‌లో మంత్రగత్తెలని శిక్షలు పడినవాళ్ళు నిజంగానే ఒక పాత మతం వాళ్ళని ఆమె వాదన. ఆధారం ఏమిటంటే ఆ విచారణల్లో రాబట్టిన ఒప్పుకోళ్ళు! అవి ఎలా రాబట్టారో చూడండి. స్కాట్లండ్‌లో ఆగ్నెస్ శాంప్సన్ అనే మంత్రసాని ఉండేది. రాజు జేమ్స్ కొత్త పెళ్ళాంతో వస్తున్న ఓడ మీదికి తుఫాను పంపిందని ఆమెను పట్టుకున్నారు. గుండు గొరిగారు. ముళ్ళున్న ఇనుప కళ్ళేన్ని నోట్లో బిగించి గోడకు కట్టేశారు. నిద్రపోనివ్వలేదు. చివరికి అడిగినవన్నీ ఒప్పుకుంది. 1591లో గొంతు నులిమి తగలబెట్టారు. మరే సిద్ధాంతానికి పునాది ఇలాంటి ఒప్పుకోళ్ళే.

మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో ఆ మతం ఇంకా బతికే ఉందని పుస్తకం వేశాడు. ముందుమాట రాసింది మరేనే. విక్కాకు మూలమైన ఆయన పూజావిధుల్లో అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లీషు తాంత్రికుడి రాతలూ, ఫ్రీమేసన్లనే రహస్య సంఘం తంతులూ బయటపడ్డాయి. రోనాల్డ్ హటన్ అనే చరిత్రకారుడు 1999లో ఈ కథంతా విప్పి చెప్పాడు. మంత్రగత్తెలని యూరప్‌లో 90 లక్షల మందిని చంపారనే ప్రచారమూ తప్పే. చరిత్రకారుల అంచనా 40 వేల నుంచి 60 వేలు. ఏడవడానికి అది చాలదా?

ఈ నింద మన దగ్గరా ఉంది. మెదక్ జిల్లాలో ఉద్యోగం చేసిన రోజుల్లో, బాణామతి చేస్తుందని ఊరు నింద వేసిన ఒకావిడను చూశాను. మొగుడు లేడు, పొలం గట్టు తగాదా ఉంది. పక్కింటి పిల్లవాడు జ్వరంతో పోయాడు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని పట్టకారుతో ఆమె ముందుపళ్ళు ఊడబెరికారు. మాట్లాడితే గాలి పోయేది. అయినా వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది: “నాకేం రాదు బిడ్డా, నా పిల్లల మీద ఒట్టు.” ఆమె దగ్గరికెళ్ళి, నువ్వు పురాతన దేవత పూజారిణివి తల్లీ అని దండం పెడితే ఎవరికి మేలు? పట్టకారు పట్టినవాడికే. వాడూ అదే అన్నాడు కదా, దీనికి మంత్రాలొచ్చని.

మరి ఆధునిక పేగనిజం నిజమైన ఆధ్యాత్మిక సంప్రదాయం కాగలదా? పాటించేవాళ్ళకు కాగలదు. పున్నమి వెన్నెల్లో చేసే ప్రార్థనకు శక్తి ఉందని నేను నమ్మను. పాత గుళ్ళో చేసే ప్రార్థనకైనా ఉందని నమ్మను. ప్రతి మతమూ ఒకనాడు ఎవరో మొదలుపెట్టిందే. ఐస్‌లాండ్‌లో 1972లో స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్సన్ అనే రైతు కవి, తోటివాళ్ళు కలిసి పాత నార్స్ దేవతల పేరున సంఘం పెట్టారు. మరుసటేడు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. ఆ దేవతల కథల్ని కవితా రూపకాలుగానే చూస్తామని తర్వాత ఆ సంఘం పెద్ద బాహాటంగానే చెప్పాడు. చెట్టుకు మొక్కండి, ఋతువుకు మొక్కండి, మొన్న మొన్ననే మొదలుపెట్టామని ఒప్పుకోండి. విక్కాలోనూ ఇలా చెప్పేవాళ్ళు పెరిగారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. చచ్చినవాళ్ళ పేర్లు వాడుకోవద్దనే నేను అడిగేది.

ఆ పేర్లకు మర్యాద చేసినవాళ్ళు లేకపోలేదు. సేలం విచారణల్లో ఎలిజబెత్ జాన్సన్ అనే అమ్మాయికి 1693లో మరణశిక్ష పడింది. గవర్నరు దయతో ప్రాణం దక్కింది గానీ నేరం మాత్రం పేరు మీద ఉండిపోయింది. ఆమెకు పిల్లల్లేరు, అడిగే వారసులూ లేరు. ఈ కాలంలో ఆ రాష్ట్రంలోని ఒక బడిలో 8వ తరగతి పిల్లలు పాత రికార్డులు తిరగేసి, ఆమె తరఫున శాసనసభ్యులకు ఉత్తరాలు రాశారు. 2022లో మసాచుసెట్స్ ఆమెను నిర్దోషిగా ప్రకటించింది.