క్షయపై పోరు: తిరువళ్ళూరు పల్లెలు నేర్పిన పాఠం

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి విడివడి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పటాస్కర్ సిఫారసుల మేరకు గీసిన ఆ సరిహద్దు రేఖ రెవెన్యూ రికార్డులను మార్చింది, బస్సు బోర్డులపై అక్షరాలను మార్చింది. బంధుత్వాలను మాత్రం మార్చలేకపోయింది. నగరిలో పుట్టిన ఆడపడుచు నేటికీ పళ్ళిపట్టు కోడలవుతూనే ఉంది. పుత్తూరు మగ్గంపై నేత నేర్చిన యువకుడు అంబత్తూరు కర్మాగారానికి రైలెక్కుతూనే ఉన్నాడు. ఈ రాకపోకలతో పాటే సరిహద్దుకు ఇరువైపులా సంచరిస్తున్న వ్యాధి ఒకటుంది. తెలుగువారు దానిని క్షయ అంటారు, తమిళులు కాసనోయ్ అంటారు. చీటీపై పేరు ఏదైనా ఊపిరితిత్తులను తినే సూక్ష్మజీవి ఒక్కటే.

ఈ వ్యాధిని 2025 నాటికి దేశం నుంచి తొలగిస్తామని కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించింది. ఆ గడువు గడిచిపోయింది, వ్యాధి మిగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2015లో భారతదేశంలో లక్ష జనాభాకు ఏటా 237 మంది కొత్తగా క్షయ బారిన పడగా, 2024 నాటికి ఆ సంఖ్య 187కు తగ్గింది. తగ్గుదల వాస్తవమే. అయినా ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగోవంతు మంది ఈ దేశంలోనే ఉన్నారన్నది కూడా వాస్తవమే. ఈ తరుణంలో తిరువళ్ళూరు చుట్టుపక్కల పల్లెలు గత అర్ధ శతాబ్దంలో ప్రపంచానికి నేర్పిన పాఠాలను ఆ పల్లెల వారే ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవలసి ఉంది.

మైనపు కవచం తొడిగిన శత్రువు

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. ఈ సూక్ష్మజీవి బలమంతా దాని పైపొరలో ఉంది. మైకోలిక్ ఆమ్లమనే మైనం వంటి కొవ్వు పదార్థం దానికి కవచంగా అమరింది. అందుచేత శరీరంలోని రక్షక కణాలు దానిని మింగినా జీర్ణించుకోలేవు. పైగా అది బహు నిదానంగా పెరుగుతుంది. సాధారణ బ్యాక్టీరియా కొన్ని ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలితే, దీనికి సుమారు ఇరవై గంటలు పడుతుంది. కొన్ని క్రిములు ఏళ్ళ తరబడి నిద్రావస్థలో ఉండి, శరీరం బలహీనపడిన నాడు మేల్కొంటాయి.

చికిత్స ఆరు నెలలు సాగడానికి కారణమిదే. ఐసోనియజిడ్ అనే మందు ఆ మైనపు కవచం తయారీని అడ్డుకుంటుంది. రిఫాంపిసిన్ సూక్ష్మజీవి తన జన్యు సందేశాన్ని నకలు తీసుకునే యంత్రాంగాన్ని స్తంభింపజేస్తుంది. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, రోగి కోలుకున్నానని భావిస్తాడు. కానీ నిద్రించే క్రిములు ఇంకా లోపలే ఉంటాయి. ఆ దశలో మందు మానివేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు. మందును ఎదిరించగల క్రిములు మిగిలి పెరిగితే తొలినాటి మాత్రలు ఇక పనిచేయవు.

రెండున్నర లక్షల మంది చేయి చాచిన వేళ

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, మద్రాసు గిండీలో బీసీజీ టీకా తయారీ కేంద్రం వెలసింది. ఈ టీకా క్షయను అరికట్టగలదా అన్న ప్రశ్నకు తిరుగులేని సమాధానం కోసం భారత వైద్య పరిశోధనా మండలి నాటి చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్ళూరు ప్రాంతాన్ని ఎంచుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య విభాగం సహకరించాయి. 1968 జూలై నుంచి 1971 మార్చి వరకు 209 గ్రామాలలో, 9 పట్టణాలలో ఈ కార్యక్రమం సాగింది. సుమారు మూడు లక్షల అరవై వేల జనాభాలో రెండున్నర లక్షలకు పైగా ప్రజలకు సూది వేశారు. కొందరికి అసలు టీకా, మరికొందరికి మందులేని ద్రవం. ఎవరికి ఏది అందిందో ముందుగా తెలియకుండా జాగ్రత్త వహించారు.

ఏడున్నరేళ్ళ పరిశీలన అనంతరం 1979లో వెలువడిన ఫలితం శాస్త్ర లోకాన్ని నివ్వెరపరచింది. ఊపిరితిత్తుల క్షయ నుంచి బీసీజీ రక్షణ కల్పించలేదు. పదిహేనేళ్ళ పరిశీలన తర్వాత 1999లో ప్రచురితమైన నివేదిక కూడా పెద్దలలో రక్షణ శూన్యమని, పిల్లలలో స్వల్పమని తేల్చింది. ఇక్కడి నేలలో, నీటిలో ఉండే క్షయ జాతికి చెందిన ఇతర క్రిములతో ప్రజలకు ముందే పరిచయం ఏర్పడటం వల్ల టీకా అదనపు ప్రయోజనం ఇవ్వలేదన్నది శాస్త్రజ్ఞుల బలమైన వాదనలలో ఒకటి. పసిబిడ్డలలో మెదడు పొరలకు సోకే ప్రాణాంతక క్షయను బీసీజీ అడ్డుకుంటుందని ఇతర అధ్యయనాలు నిరూపించాయి. అందుకే పుట్టిన వెంటనే ఆ టీకా వేయించడం నేటికీ తప్పనిసరి.

2024లో పలు రాష్ట్రాలలో పెద్దలకు బీసీజీ వేసే అధ్యయనం ప్రారంభమైంది. అరవై ఏళ్ళు దాటినవారు, మధుమేహులు, లోగడ క్షయ సోకినవారు, రోగులతో కలిసి నివసించేవారు వంటి వర్గాలకు దానిని పరిమితం చేశారు. ఆ సూది వేయించుకున్నవారు తమకిక క్షయ రాదన్న ధీమాతో దగ్గును నిర్లక్ష్యం చేయరాదు. తిరువళ్ళూరు అనుభవం చేస్తున్న హెచ్చరిక ఇదే.

తగ్గి, మళ్ళీ పెరిగిన అంకెలు

టీకా చేయలేని పనిని చికిత్స చేయగలదా? ఇందుకు సమాధానం కూడా ఈ జిల్లాయే ఇచ్చింది. 1999లో మద్రాసులోని క్షయ పరిశోధనా కేంద్రం తిరువళ్ళూరు జిల్లాలోని 5 పంచాయతీ యూనియన్లలో, సుమారు 5 లక్షల 80 వేల జనాభా నడుమ, ఆరోగ్య కార్యకర్త సమక్షంలో మాత్రలు మింగించే డాట్స్ విధానాన్ని నిశితంగా పరిశీలించింది. ఈ కేంద్రానికే 2011లో జాతీయ క్షయ పరిశోధనా సంస్థ అన్న పేరు వచ్చింది. తొలి సర్వేలో పదిహేనేళ్ళు పైబడినవారిలో లక్షకు సుమారు 600 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్లు తేలింది. 2004-06 నాటికి అది సుమారు 310కి దిగింది. ఐదేళ్ళలో వ్యాధి దాదాపు సగమైంది. అయితే 2006-08 సర్వేలో ఆ సంఖ్య తిరిగి 390 సమీపానికి చేరింది. సాధించిన విజయం తనంతట తాను నిలవదని ఈ అంకెలు చాటుతున్నాయి.

అదే జిల్లాలో జరిగిన మరో పరిశీలన ఇంకా సూటిగా మాట్లాడింది. చికిత్స మధ్యలో మానినవారిలో పురుషులు, మద్యానికి అలవాటుపడినవారు, లోగడ ఒకసారి చికిత్స పొందినవారు అధికం. మరణించినవారిలో చికిత్స ఆరంభం నాటికి 35 కిలోల కంటే తక్కువ బరువు ఉన్నవారు అధికం. అంటే మాత్ర ఎంత ముఖ్యమో కంచంలోని అన్నం అంత ముఖ్యం. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనంలో రోగి కుటుంబానికి అదనపు ఆహారం అందించగా, ఆ ఇంట్లో ఇతరులకు క్షయ సోకడం దాదాపు 40 శాతం తగ్గింది. తమిళనాడు ప్రభుత్వం 2022లో ఆరంభించిన పథకం బాగా నీరసించిన రోగులను ఆదిలోనే గుర్తించి ఆసుపత్రిలో చేర్చడంపై దృష్టి సారించింది.

సరిహద్దు కుటుంబాలు చేయవలసినది

సరిహద్దు పల్లెలలో చికిత్సకు ప్రధాన ప్రమాదం రాకపోకలలోనే పొంచి ఉంది. తిరుత్తణిలో మాత్రలు మొదలుపెట్టిన కోడలు కాన్పుకు పుట్టింటికి వెళ్ళినా, కూలీ పంట కోతలకు రేఖ దాటినా, వారం రోజుల మాత్రలు తప్పడానికి అవకాశం ఉంది. ఈ చిక్కుకు పరిష్కారం లేకపోలేదు. చికిత్స మొదలైన ప్రతి రోగికి ని-క్షయ్ సంఖ్య కేటాయిస్తారు. అది దేశమంతటా చెల్లుతుంది. ఊరు మారే ముందు ఆరోగ్య కేంద్రానికి తెలియజేస్తే చికిత్సను ఆవలి రాష్ట్రంలోని కేంద్రానికి బదిలీ చేస్తారు. ఆ సంఖ్యను రేషన్ కార్డు వలె భద్రపరచుకోవాలి.

2018 ఏప్రిల్ నుంచి చికిత్సా కాలంలో పోషకాహారానికి నెలకు 500 రూపాయలు ఇస్తుండగా, 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలకు పెంచారు. ఆ సొమ్ము రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. అది గుడ్డుకు, పప్పుకు, పాలకు వెచ్చించవలసిన సొమ్ము. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గుదల కనిపిస్తే కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. కళ్ళెలోని క్రిమి జన్యు పదార్థాన్ని పసిగట్టే నేటి యంత్రాలు కొద్ది గంటలలోనే వ్యాధిని, రిఫాంపిసిన్ పనిచేస్తుందా లేదా అన్న సంగతిని చెప్పగలవు. ఇంట్లో ఒకరికి వ్యాధి తేలితే మిగిలినవారు కూడా పరీక్ష చేయించుకుని, వైద్యుడు సూచిస్తే నివారణ మాత్రలు వాడాలి. సందేహాలకు 1800-11-6666 ఉచిత నంబరు ఉంది.

రెండు ప్రభుత్వాల బాధ్యత కూడా తక్కువది కాదు. సరిహద్దు ఆరోగ్య కేంద్రాలలో చికిత్సా పత్రాలు, సూచనలు తెలుగులోనూ తమిళంలోనూ ఉండటం కనీస అవసరం. బదిలీ అయిన రోగి ఆవలి కేంద్రానికి చేరాడా లేదా అని ఒక ఫోనుతో నిర్ధారించుకునే బాధ్యతను ఇరువైపుల సిబ్బంది స్వీకరించాలి. నాడు సూదికి చేయి చాచిన రెండున్నర లక్షల మంది సంతతి నేటికీ ఈ పల్లెలలోనే ఉంది. వారి సహనం ప్రపంచానికి విజ్ఞానమైంది. ఆ విజ్ఞాన ఫలం ఆరు నెలల మాత్రలుగా, కడుపు నిండా తిండిగా వారి ముంగిటికే చేరినప్పుడు ఆ రుణం కొంతైనా తీరుతుంది.