రక్షణ గౌన్లు: వాడి పారవేయుటయా? ఉతికి వాడుటయా?

(ప్రత్యేక వ్యాసం)

2016 అక్టోబర్ 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో ప్రభుత్వ వైద్య సేవలు విస్తరిస్తున్నాయి. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. శస్త్రచికిత్సలు, ప్రసవాలు పెరిగేకొద్దీ సిబ్బంది ధరించే రక్షణ గౌన్ల అవసరమూ పెరుగుతుంది. అందువల్ల ఏ రకం గౌను కొనాలన్నది సిబ్బంది ప్రాణరక్షణతోను, ప్రజాధనంతోను ముడిపడిన అంశం.

2020లో కోవిడ్ విజృంభించినప్పుడు ఒకసారి వాడి పారవేసే కిట్లకు తీవ్ర కొరత ఏర్పడింది. అనంతరం వ్యర్థాల సమస్య తలెత్తింది. 2020 మార్చి, 2021 నవంబర్ మధ్య ఐక్యరాజ్యసమితి ద్వారా దేశాలకు అందిన సుమారు 87 వేల టన్నుల రక్షణ సామగ్రిలో అధిక భాగం వ్యర్థంగా మారినట్లు భావిస్తున్నామని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 ఫిబ్రవరిలో పేర్కొన్నది.

పారవేసే గౌన్లు సాధారణంగా పాలీప్రొపిలీన్‌తో తయారవుతాయి. వీటికి ఉతుకుడు బెడద లేదు. అయితే 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు, 2018 సవరణ ప్రకారం వాడిన గౌన్లను పసుపు సంచిలో వేసి దహనానికి పంపవలసి ఉంటుంది. శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు.

దట్టంగా నేసిన పాలిస్టర్ గౌన్లను పదుల సార్లు ఉతికి వాడవచ్చు. 2018లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం ప్రకారం వీటివల్ల ఘన వ్యర్థాలు 93 శాతం, ఇంధన వినియోగం 28 శాతం తగ్గుతాయి. కాగా మామూలు నూలు గౌను వీటికి ప్రత్యామ్నాయం కాదు. తడిసిన నూలు వస్త్రం రక్తాన్ని, క్రిములను అడ్డుకోలేదు.

అసలు కీలకం లాండ్రీలో ఉన్నది. 71 డిగ్రీల వేడి నీటిలో కనీసం 25 నిమిషాలు ఉతకడం, శస్త్రచికిత్స గౌన్లను ఆటోక్లేవ్ చేయడం, ప్రతి గౌను ఎన్నిసార్లు ఉతికినదీ నమోదు చేయడం, చిరుగులున్న వాటిని తొలగించడం తప్పనిసరి. మురికి వస్త్రాలను తాకే పారిశుధ్య, లాండ్రీ కార్మికులకు చేతి తొడుగులు, టీకాలు అందాలి. ఈ ఏర్పాట్లు లేనిచోట ఉతికి వాడే గౌనే ప్రమాదకరం కాగలదు.

కనుక రెండింటిలో ఒకదానినే ఎంచుకోవలసిన పని లేదు. ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సలకు ఉతికి వాడే గౌన్లు, తీవ్ర అంటువ్యాధులకు, అత్యవసర నిల్వలకు పారవేసే గౌన్లు అనుకూలం. కొనుగోలు వేళ గౌను ధరను మాత్రమే గాక ఉతుకుడు, నీరు, విద్యుత్తు, దహన వ్యయాలను కలిపి ఒక్కొక్క వాడకానికి అయ్యే ఖర్చును అధికారులు లెక్కించవలసి ఉన్నది.