సిగ్నల్ దగ్గర ఆగిపోతోందా?

మాది బహదూర్‌పల్లి. కార్బ్యురేటర్ ఉన్న పాత మారుతీ 800 వాడుతున్నాం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణికి ఆగిపోతోంది. ఐడ్లింగ్ స్క్రూ ఎన్నిసార్లు తిప్పించినా అంతే. ఏం చేయాలి?

- ఓ పాఠకుడు

ముందు వ్యాక్యూమ్ పైపులు చూపించండి. ఇంజిన్ వేడికి పాత రబ్బరు బీటలు వారుతుంది. ఆ సందుల్లోంచి అదనపు గాలి చేరితే పెట్రోలు పాలు తగ్గి ఇంజిన్ తడబడుతుంది. ‘సుయ్’మనే శబ్దం వస్తోందేమో వినండి. మెకానిక్ ఒక్కో పైపునూ నొక్కిపట్టినప్పుడు ఎక్కడ ఇంజిన్ కుదుటపడితే లోపం అక్కడే. పెట్రోలు చల్లి మాత్రం పరీక్షించొద్దు, నిప్పంటుకుంటుంది.

బ్రేకు బూస్టర్ ఉంటే అది పనిచేసేదీ ఈ వ్యాక్యూమ్‌తోనే. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బాగుచేయించేదాకా కారు బయటికి తీయకండి.