పిలవని పేరంటానికి వెళ్ళేవాడి చేతిలో కబురైనా ఉండాలి

కొత్త కస్టమర్ల కోసం ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఫోన్లు చేసే పద్ధతి మన ఐటీ కంపెనీల్లో ఎలా నడుస్తోందో చూస్తుంటే కడుపు మండుతోంది. ఫోన్ చెయ్యడమే పాపమని నేననను. వ్యాపారం అన్నాక నాలుగు తలుపులు తట్టాల్సిందే. కానీ నిన్న మొన్న డిగ్రీ ముగించిన కుర్రాడి చేతికి ఒక స్క్రిప్టు, రెండు వేల పేర్లున్న ఎక్సెల్ షీటు ఇచ్చి, "డెసిషన్ మేకర్ని పట్టుకో, రోజుకి వంద డయల్స్ పడాలి" అని రాత్రి షిఫ్టులో కూర్చోబెట్టడం మాత్రం శుద్ధ దండగ. ఆ దండగలో సగం వాటా సేల్స్ మేనేజర్లదైతే, మిగతా సగం ఇంజనీర్లది. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

ముందు ఆ కుర్రాడి సంగతి చూద్దాం. హైదరాబాదులో రాత్రి ఏడింటికి హెడ్‌సెట్ తగిలించుకోగానే ఊరూ పేరూ మారిపోతాయి. సుబ్బారావు స్టీవ్ అవుతాడు, నాగలక్ష్మి నాన్సీ అవుతుంది. ఇక్కడినుంచి చేసే కాల్ అవతలివాడికి వాళ్ళ ఊరి ఏరియా కోడ్‌తో కనబడేలా సాఫ్ట్‌వేర్ ఏర్పాటు ఒకటి. దానికి 'లోకల్ ప్రెజెన్స్' అని ముద్దు పేరు. రిసెప్షనులో ఎవరైనా ఎత్తితే "ఆయన నా కాల్ కోసం ఎదురుచూస్తున్నారు" అనమని స్క్రిప్టులోనే రాసుంటుంది. అంటే పేరు అబద్ధం, ఊరు అబద్ధం, వచ్చిన పనీ అబద్ధమే. ఇన్ని అబద్ధాల తరవాత "మీ డేటాబేసు మా చేతికివ్వండి, భద్రంగా చూసుకుంటాం" అని అడుగుతాం. మీరైతే ఇస్తారా?

ఈ స్క్రిప్టుల పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే ఇంకా నవ్వొస్తుంది. అమెరికాలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ నడిపిన జాన్ ప్యాటర్సన్ 1880ల చివర్లోనే తన సేల్స్‌మెన్‌కి అమ్మకపు పాఠం అచ్చు వేయించి ఇచ్చాడు. దానికి మూలం ఆయన బావమరిది జోసెఫ్ క్రేన్. వాళ్ళలో అందరికన్నా బాగా అమ్మేవాడు. ఆ యంత్రం దుకాణదారుడికి ఎందుకు పనికొస్తుందో ఆయనకి తెలుసు. అలా తెలిసినవాడి మాటలే స్క్రిప్టు అయ్యాయి. మనవాళ్ళ స్క్రిప్టు ఎవరి మాటలు? పాత కంపెనీలో వాడిన స్క్రిప్టులో పేరు మార్చి తెచ్చినవి. ఈ మధ్య ఆ పని ఛాట్‌జీపీటీ చేసిపెడుతోంది. 'క్లౌడ్' అని ఉన్నచోట 'ఏఐ' అని మార్చారు, అంతే తేడా.

ఇంకో పురాణం కూడా ఉంది. ఫోన్లు చేసేవాడు ఒకడు, బేరం ముగించేవాడు ఇంకొకడు అని పనిని విడగొట్టే పద్ధతికి సేల్స్‌ఫోర్స్‌లో పనిచేసిన ఆరన్ రాస్ పుస్తకం 'ప్రెడిక్టబుల్ రెవెన్యూ' (2011) బైబిల్ లాంటిది. మన కంపెనీల్లో 'ఎస్‌డీఆర్' అనే ఉద్యోగానికి ఊపు తెచ్చింది అదే. కానీ ఆ పుస్తకంలో ఆయన గుడ్డిగా ఫోన్లు చెయ్యమనలేదు, వద్దన్నాడు. ముందు పెద్ద తలకాయలకి రెండు ముక్కల ఈమెయిలు రాసి "ఈ విషయం మీ దగ్గర ఎవరు చూస్తారు?" అని అడగమన్నాడు. పైనుంచి పేరు తెలిశాక అప్పుడు ఆ మనిషితో మాట్లాడమన్నాడు. మనవాళ్ళు అందులోంచి ఉద్యోగం పేరు తీసుకున్నారు, పద్ధతిని గాలికొదిలేశారు.

సరే, అసలు ఈ 'డెసిషన్ మేకర్' అనే దేవుడి సంగతి చూద్దాం.

మీ ఆఫీసులో ఒక మానిటరింగ్ టూల్ కొనాలంటే ఎవరు నిర్ణయిస్తారో చెప్పండి. సీటీఓ సంతకం పెడతాడు, నిజమే. కానీ "ఇది మన సిస్టంతో కుదరదు" అని టీం లీడ్ ఒక్క మాటంటే ఆ సంతకం పడదు. సెక్యూరిటీ వాళ్ళు పేజీలకి పేజీలు ప్రశ్నలు పంపుతారు. ప్రొక్యూర్‌మెంట్ వాళ్ళు పోయినేడాది రేటు అడుగుతారు. లీగల్ వాళ్ళ దగ్గర ఫైలు నెల రోజులు పడుకుంటుంది. 2015లో వచ్చిన 'ద ఛాలెంజర్ కస్టమర్' పుస్తకం ఒక కంపెనీ కొనుగోలు నిర్ణయంలో సగటున 5.4 మంది ఉంటారని లెక్కేసింది. లోపలినుంచి చూసే మనకి ఆ లెక్క వింతేమీ కాదు. అయినా బయటికి ఫోన్ చేసేటప్పుడు మాత్రం ఎక్కడో ఒకే ఒక్కడు సింహాసనం మీద కూర్చుని ఉన్నాడనీ, వాడిని చేరితే చాలనీ కుర్రాళ్ళకి నూరిపోస్తాం. "మీరేనా డెసిషన్ మేకర్?" అని అడిగిస్తాం. కాదు అనడానికి మొహమాటపడి అవునన్నవాడితో మూడు నెలలు గడిపి, చివరికి వాడికి వంద డాలర్లు ఖర్చు పెట్టే అధికారం కూడా లేదని తెలుసుకుంటాం.

మధ్యలో ఫోన్ ఎత్తే మనిషిని 'గేట్‌కీపర్' అని పేరు పెట్టి శత్రువులా చూడడం ఇంకో తెలివితక్కువతనం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మనకి తెలిసిందల్లా పూజారిని తోసుకుని గర్భగుడిలోకి దూరడం. నిజానికి ఆ కంపెనీలో ఏ పని ఎవరు చూస్తారో, ఎవరు సెలవులో ఉన్నారో, ఎవరు మొన్ననే మానేశారో మొత్తం తెలిసినది ఆ ఫోన్ ఎత్తిన మనిషికే. "ఫలానా విషయం గురించి చేస్తున్నానండీ, మీ దగ్గర ఎవరితో మాట్లాడితే సరైనది?" అని మర్యాదగా అడిగితే చాలామంది చెప్తారు. కానీ అలా అడగాలంటే ఆ 'ఫలానా విషయం' ఒకటి ఉండాలి కదా! చిక్కంతా అక్కడే.

నీల్ రాక్‌హామ్ బృందం 12 ఏళ్ళపాటు 35,000 సేల్స్ సంభాషణలని పరిశీలించింది. దాని ఫలితమే 1988లో వచ్చిన 'స్పిన్ సెల్లింగ్'. పెద్ద బేరాల్లో నెగ్గుకొచ్చినవాళ్ళు గడగడా వాగలేదు, ప్రశ్నలడిగి అవతలివాడి చేత ఎక్కువ మాట్లాడించారు అనేది అందులో సారం. బలవంతంగా బేరం ముగించే కిటుకులు చిన్న వస్తువుల దగ్గర పనిచేసినా పెద్ద బేరాల్లో బెడిసికొడతాయని కూడా తేల్చారు. అయితే ప్రశ్న అడగాలంటే విషయం తెలియాలి. మన కుర్రాడికి 'పెయిన్ పాయింట్' అనే మాట నేర్పించాం గానీ ఆ నొప్పి ఏమిటో నేర్పలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, ఎదుటివాడి బాధ ఈ కుర్రాడికి ఒక చెక్‌బాక్స్.

"ఎన్ని చెప్పినా ఇది నంబర్స్ గేమ్ బాస్, వందకి ఫోన్ చేస్తే ఒకడు దొరుకుతాడు" అని సేల్స్ మేనేజర్లు అంటారు. ఒప్పుకుందాం. మరి మిగతా తొంభైతొమ్మిది మంది ఏమయ్యారు? వాళ్ళ దగ్గర మన కంపెనీ పేరు చెడింది. సబ్బులమ్మేవాడికైతే ఫరవాలేదు, జనం కోట్లమంది ఉన్నారు. కానీ మన సర్వీసు కొనగలిగే కంపెనీలు వేలల్లోనో, ఒక్కోసారి వందల్లోనో ఉంటాయి. వాళ్ళందరికీ వట్టి చేతులతో ఫోన్ చేసి విసిగించాక, రేపు నిజంగా పనికొచ్చే మాట ఉన్నా వినేవాడుండడు. విత్తనాలు వేయించుకు తిని పంట రాలేదంటే ఎలా?

పైగా ఆ నంబర్స్ గేమ్‌కి కాలం చెల్లుతోంది. అమెరికాలో దొంగ నంబర్లతో వచ్చే కాల్స్‌ని గుర్తించే స్టిర్/షేకెన్ పద్ధతిని పెద్ద టెలిఫోన్ కంపెనీలు 2021 జూన్ 30 కల్లా తమ ఐపీ నెట్‌వర్కుల్లో పెట్టాల్సివచ్చింది. ఒకే నంబరునుంచి రోజంతా టకటకా ఫోన్లు వెళితే దాని మీద స్పామ్ ముద్ర పడడానికి ఎన్నాళ్ళో పట్టదు. గూగుల్ పిక్సెల్‌లో 2018నుంచి, ఐఫోన్‌లో 2025లో వచ్చిన ఐఓఎస్ 26నుంచి, కొత్త నంబరైతే ఫోనే "మీరెవరు, ఏం పని మీద?" అని అడిగే సదుపాయం ఉంది. మన దేశంలో 2007లో డు నాట్ కాల్ రిజిస్ట్రీ వచ్చింది, 2018లో ట్రాయ్ నిబంధనలు బిగిశాయి. రిజిస్టర్ కాకుండా ప్రచార కాల్స్ చేసేవాళ్ళ కనెక్షన్లన్నీ పీకేసి, రెండేళ్ళ దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమని 2024 ఆగస్టులో టెలికాం కంపెనీలని ఆదేశించింది. ఇక ఏఐ గొంతుతో వేల కాల్స్ చేయించి గట్టెక్కుదామనుకునేవాళ్ళకి ఒక మాట. అలాంటి గొంతు కూడా అక్కడి రోబోకాల్ చట్టం కిందకే వస్తుందని అమెరికా ఎఫ్‌సీసీ 2024 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది.

గమనించారా? యంత్రం అడుగుతున్న రెండు ప్రశ్నలూ మనిషి ఎప్పటినుంచో అడుగుతున్నవే. నువ్వెవరు, ఎందుకు చేశావు? మొదటిదానికి నిజం చెప్పం, రెండోదానికి జవాబే లేదు.

ఆ జవాబు ఎవరి దగ్గరుంది? ఇంజనీర్ల దగ్గర. ఇక్కడే నా అసలు గొడవ.

ఉదాహరణకి శాప్ చూడండి, మనవాళ్ళలో సగంమందికి అన్నం పెట్టిన సాఫ్ట్‌వేర్. పాత ఈసీసీకి మామూలు మెయింటెనెన్స్ 2027 చివరిదాకానే అనీ, ఆ పైన కావాలంటే అదనపు రుసుముతో 2030 చివరిదాకా అనీ శాప్ 2020లోనే ప్రకటించింది. ఒక తయారీ కంపెనీ తన ఉద్యోగ ప్రకటనలో ఇంకా ఈసీసీ మీద ఏబ్యాప్ రాసేవాళ్ళు కావాలని అడుగుతోందంటే దానర్థం ఏమిటో ఆ పని చేసిన ఇంజనీరుకి చదవగానే తెలుస్తుంది. ఇరవయ్యేళ్ళుగా పేరుకుపోయిన సొంత కోడ్ ఉంటుంది. దాంట్లో ఏది వాడుతున్నారో, ఏది చచ్చిపోయిందో చెప్పగలిగినవాళ్ళు ఎప్పుడో రిటైరయ్యుంటారు. ఇప్పుడు ఈ కాల్ విని చూడండి:

"నమస్తే, నా పేరు సుబ్బారావు, హైదరాబాదులో ఫలానా కంపెనీ నుంచి. మీరు ఈసీసీ డెవలపర్ల కోసం ప్రకటన ఇచ్చారు, అది చూసి చేస్తున్నాను. మీ సొంత కోడ్‌లో ఎంత భాగం కొత్తదానికి తీసుకెళ్ళాలో ఎవరైనా లెక్క తేల్చారా? లేకపోతే అది చూసేవారు ఎవరో చెప్పగలరా? అవసరం లేదంటే చెప్పండి, మళ్ళీ చెయ్యను."

ఇరవై ముప్ఫై సెకన్లు. అబద్ధం లేదు, "హౌ ఆర్ యూ టుడే" లేదు. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వను. కానీ ఎత్తినవాడికి అది ఆలోచించాల్సిన ప్రశ్న. వాడు "కాదు, మా అసలు బాధ ఇంటర్‌ఫేసులతో" అన్నాడంటే సంభాషణ మొదలైనట్టే. ఆ మాట రాసుకుని ఇంజనీరుకి చేరవెయ్యాలి. ఇప్పుడున్న సీఆర్‌ఎంలో 'నాట్ ఇంట్రెస్టెడ్' అనే డబ్బా ఉంది గానీ, ఎందుకు ఇంట్రెస్ట్ లేదో రాసే చోటు చాలా కంపెనీల్లో ఎవరూ ముట్టుకోరు.

"అది మా పని కాదు, మేం కోడ్ రాసుకునేవాళ్ళం" అంటారు ఇంజనీర్లు. ఈ మాటే నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండే మాట. ప్రాజెక్టు ముగిసి తరవాతిది రాకపోతే బెంచ్ మీద కూర్చునేదెవరు? సేల్స్ మేనేజర్ కాదు. "పైప్‌లైన్ బాలేదు" అని హెచ్‌ఆర్ పిలిచి చెప్పేది మీకే. ఆ పైప్‌లైన్‌లోకి నీళ్ళు ఎలా వస్తున్నాయో ఒక్క రోజైనా తొంగిచూశారా? ఆ రాత్రి షిఫ్టు కుర్రాడిని క్యాంటీన్‌లో చూసి "టెలికాలర్" అని చిన్నచూపు చూస్తారు. వాడు మీ జీతం కోసమే తిట్లు తింటున్నాడు.

నేను అడిగేది పెద్దదేం కాదు. వారానికి ఒక గంట. ప్రతి టీంనుంచి ఒకరు ఆ కుర్రాళ్ళ పక్కన కూర్చుని రికార్డయిన కాల్స్ వినండి. రెండు వేల పేర్ల షీటు పక్కన పడేసి ఇరవై కంపెనీలు ఎంచండి. వాళ్ళ ఉద్యోగ ప్రకటనలు, వార్షిక నివేదికలు, వాళ్ళ ఇంజనీర్లు రాసుకునే పేజీలు చదివి, ఒక్కో కంపెనీకి ఫోన్ చెయ్యడానికి ఒక్క నిజమైన కారణం రాయండి. కారణం దొరకని కంపెనీకి ఫోన్ వద్దు. ఎవరైనా గట్టి ప్రశ్న వేస్తే రెండో కాల్‌లో మీరే కూర్చోండి. మేనేజర్లు కూడా గోడ మీద డయల్స్ లెక్క చెరిపేసి, ఈ వారం ఎంతమంది తమ సమస్య గురించి రెండు నిమిషాలు మాట్లాడారో రాయాలి. కుర్రాళ్ళ పేర్లు వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలి. సుబ్బారావు అనే పేరు పలకడం కష్టమైతే అవతలివాడు రెండుసార్లు అడుగుతాడు, కొంపలేం మునగవు. ఈ రోజుల్లో అమెరికాలో ఏ ఐటీ విభాగంలోనైనా మన పేర్లు విననివాడు దొరకడమే కష్టం :)

పిలవని పేరంటానికి వెళ్ళడం తప్పనప్పుడు, కనీసం సొంత పేరుతో, చెప్పుకోదగ్గ కబురుతో వెళ్దాం. ఆ కబురు ఇంజనీర్ల బుర్రల్లో ఉంది. సోమవారం ఆఫీసుకి వెళ్ళాక సేల్స్ వాళ్ళు ఏ అంతస్తులో కూర్చుంటారో కనుక్కోండి. చాలామందికి అది కూడా తెలియదని నా పందెం.