గుండు నిలిచిన చాలునా?

హైదరాబాదు పరిసరములలో గుట్టనంతయు మందుగుండుతో పగులగొట్టి, అందలి గుండొకదానిని మాత్రము మిగిల్చి, దాని చుట్టు పచ్చిక పెంచి, ప్రకృతిని కాపాడితిమని సంతోషించు పద్ధతి యొకటి కానవచ్చుచున్నది. ఈ సంతోషము నాకు మింగుడుపడదు.

ఈ గుట్టల రాతికి సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు కలదు. ప్రాణమనునది సూక్ష్మజీవులకే పరిమితమైయున్న ఆ కాలమున, నేడు తూర్పు ధార్వాడ్ క్రేటన్ అని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ భూభాగము ఒక ప్రాచీన ఖండపు అంచుగా నుండెననియు, ఆ అంచు క్రిందికి సముద్రపు అడుగు జారిపోవుచు, తనతో గొనిపోయిన నీటిని లోతున విడువగా, ఆ నీటి స్పర్శచే పైనున్న వేడిశిల ద్రవించెననియు, ఆ ద్రవము పైకెగసి ఖండపు అడుగును గూడ కరగించి గ్రానైటుగా గడ్డకట్టెననియు పలువురి మతము. పాతాళమునుండి లేచిన ఉష్ణస్తంభమే కారణమను వాదమును కలదు. నాకు మొదటిదే సబబుగా తోచును.

గడ్డకట్టినది భూమిపై గాదు, కొన్ని కిలోమీటర్ల లోతున. పైకప్పు యుగయుగములు కొట్టుకొనిపోగా, బరువు తగ్గిన శిల నిలువునను అడ్డముగను బీటలు వారెను. బీటలలో దిగిన నీరు మూలలను ముందుగా తినివేయగా చదరపు దిమ్మెలు గుండ్లైనవి. మెత్తబడిన మన్ను వానకు జారిపోగా, గుండుపై గుండు ఎవరో పేర్చినట్లు బయల్పడినవి. గోలకొండను కట్టినవారు ఈ గుండ్లను తొలగింపక గోడలలోనే కలుపుకొనిరి; వారి తెలివి మెచ్చదగినది.

1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వంటివారి కృషివలన కొన్ని శిలలకు గుర్తింపు లభించినది. అది స్వల్పమని నేననను. అయినను, ఏ ద్రవము ముందు వచ్చినదో, ఏది దానిని చీల్చుకొని తరువాత చొచ్చినదో తెలియవలెనన్న, ఒక శిల మఱియొక శిలను తాకు చోటు చెక్కుచెదరక యుండవలెను. ఆ చోటు గుట్టలోనుండును గాని, ఒంటరి గుండులో తఱచుగా నుండదు. కావున కాపాడవలసినవాని జాబితాలో చేర్చవలసినది గుట్టను, దాని పాదమునందలి పరుపుబండతో సహా.

అట్టి చోటొకటి నగరపు పడమటి అంచున చూచితిని. బూడిదవన్నె రాతిని కోసికొనిపోవుచు జేనెడు వెడల్పు గల గులాబివన్నె సిర ఎండకు మెఱయుచుండెను. మఱల పోవునప్పటికి అది కంకరయై లారీ యెక్కినది. గుండు మాత్రము, అడుగున దీపములు పెట్టగా, పచ్చికలో భద్రముగా నున్నది.